నాలుగోసారి నొక్కితే లేచే పెట్టె



ఈ వారం వాక్యధ్యానం బదులు ఒక ఇంటి సంగతి రాస్తున్నాం. మా ఇంటి సంగతే అయినా అందులో మీ అందరి వస్తువూ ఉంది కాబట్టి చెప్పక తప్పదు. పైగా జరిగినదాంట్లో కొంత తప్పు మాది. అది కూడా మీ ముందు ఒప్పుకోవాలి.

మా ముందు గదిలో, పుస్తకాల బీరువా పక్కన, స్టూలు మీద ఒక నల్ల పెట్టె ఉంటుందని మీలో చాలామందికి తెలుసు. మన యవ్వనస్థులు దాన్ని సర్వర్ అంటారు. మా ఆవిడ "ఆ పెట్టె" అంటుంది. నిజానికి అది 2011 నాటి మామూలు డెస్క్‌టాప్ కంప్యూటర్. ఒక కాలేజీవారు పాతవి తీసేస్తూ 2017లో మనకు ఉచితంగా ఇచ్చారు. దాంట్లో ఉబుంటు సర్వర్ వేసి, రెండు హార్డ్ డిస్కులు బిగించి, వైఫై రూటర్‌కు తగిలించాం. దానికి మానిటర్ లేదు, కీబోర్డ్ లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లలు ఫోన్లు పట్టుకుని మా అరుగు మీద కూర్చుని పాటలు, ప్రసంగాలు దించుకునేది దాంట్లోంచే. నెట్ బ్యాలెన్సు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. మన ఊరికి అది సరిపోయే ఏర్పాటు.

దాంట్లో ఏమున్నాయో ఒకసారి గుర్తుచేస్తాం. ఏడేళ్ళ ప్రసంగాలున్నాయి, అవి పెద్ద విషయం కాదు. మందిరం బాప్తిస్మ రిజిస్టరు, వివాహాల రిజిస్టరు ప్రతి పేజీ స్కాన్ చేసి ఉంది. అసలు పుస్తకాలకు చెదలు పట్టి, మొదటి ముప్పై పేజీల అంచులు ఇప్పటికే పోయాయి. పుట్టిన తేదీకి ఇంకే కాగితమూ లేని పెద్దవాళ్ళకు ఆ పేజీయే ఆధారం. ఇక అన్నిటికన్నా విలువైనవి, మనమంతా పాటల అవ్వ అని పిలుచుకున్న పెద్దావిడ పాడిన పదకొండు పాటలు. అవి కీర్తనల పుస్తకంలో లేవు. వాళ్ళమ్మ కోతల కాలంలో పాడుతుంటే విని నేర్చుకున్నవి, కోలాటం వరసల్లో యేసయ్య కథ చెప్పేవి. 2018లో ఒక సాయంత్రం మందిరం అరుగు మీద కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేశాం. రెండు పాటల మధ్యలో ఆమె మంచినీళ్ళు అడగడం, ఎవరిదో మేక అరవడం కూడా అందులో వినిపిస్తాయి.

అవ్వ ప్రభువునందు నిద్రించి సంవత్సరం అయింది. కువైట్‌లో పనిచేస్తున్న మనవరాలు సంక్రాంతి తర్వాత వాయిస్ మెసేజ్ పెట్టింది. "అయ్యగారూ, వందనాలండి. అవ్వ జ్ఞాపకార్థ కూడిక శుక్రవారం పెట్టుకున్నాం. నేను రాలేను. అవ్వ పాటలు పంపితే ఇక్కడ మా రూములో వాళ్ళతో కలిసి వింటాం. మీ దగ్గర ఉన్నాయని అమ్మ చెప్పింది." ఇదిగో ఇప్పుడే పంపుతామమ్మా అని జవాబిచ్చాం. అది బుధవారం పొద్దున ఆరు గంటలు. ముందురోజు రాత్రి కరెంటు పోయి, ఇన్వర్టర్ కూడా దిగిపోయి పెట్టె ఆగిపోయి ఉంది. బటన్ నొక్కాం. ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

ఇక్కడే మా తప్పు చెప్పాలి. ఆ పెట్టె అలా చేయడం అది మొదటిసారి కాదు. అంతకుముందు సంవత్సరం నుంచీ చలికాలం పొద్దుటిపూట మొదటి నొక్కుకు లేచేది కాదు. రెండోసారికి లేచేది. తర్వాత మూడోసారికి. ఈమధ్య నాలుగోసారికి. లేచిన ప్రతిసారీ "స్తోత్రం" అనుకుని పనిలో పడిపోయాం. నాలుగుసార్లు నొక్కడం ఒక అలవాటైపోయింది. ఇంటికి వచ్చిన పిల్లలకు కూడా "నాలుగుసార్లు నొక్కాలి, భయపడొద్దు" అని మేమే నేర్పించాం. జబ్బును గుర్తుపట్టకుండా దాని వేళలకు మనం సర్దుకుపోవడం అన్నమాట. పెద్దవాళ్ళకు మెట్లు ఎక్కితే ఆయాసం వస్తుంటే మంచం కింది గదిలోకి మార్చి ఊరుకునే ఇళ్ళు మనకు తెలుసు కదా, అలాగే చేశాం.

ఆ బుధవారం ఏడుసార్లు నొక్కాం. ఎనిమిదోసారి ఫ్యాన్ తిరిగింది, కాని లోపలినుంచి టక్, టక్ అని సన్నని శబ్దం వచ్చింది, మళ్ళీ ఆగిపోయింది. తొమ్మిదోసారి నొక్కబోతుంటే, డిగ్రీ చదువుతున్న మన సంఘపు అమ్మాయి ఒకతె, రిజిస్టరు పేజీలు స్కాన్ చేసిపెట్టింది ఆమే, ఫోన్‌లో సంగతి విని గట్టిగా చెప్పింది: "అయ్యగారూ, ఇంక నొక్కకండి. నేను వస్తున్నాను."

ఆమె మాట సరైనదని తర్వాత మాకు అర్థమైంది. మీ ఇళ్ళలో కూడా పాత కంప్యూటర్లు ఉన్నాయి కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం. హార్డ్ డిస్క్ లోపల పళ్ళాలు నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతాయి. తిరుగుతున్నప్పుడు దానికి కావలసిన కరెంటు కొంచెమే. నిలబడి ఉన్న పళ్ళెం మొదట కదలడానికి మాత్రం దానికి కొన్ని రెట్లు కావాలి, 12 వోల్టుల తీగ మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఎద్దుబండి కదిలాక లాగడం ఒక ఎత్తు, ఆగిన బండిని కదిలించడం ఒక ఎత్తు. ముసలి డిస్క్‌కు రోజంతా తిరగడం కన్నా పొద్దున లేవడమే కష్టమైన పని. మేము ఏడెనిమిదిసార్లు నొక్కడమంటే, లేవలేని మనిషిని చెయ్యి పట్టుకుని లేపి వదిలేయడం, మళ్ళీ లేపి వదిలేయడం. లేస్తుందో లేదో చూడాలన్న ఆత్రంలో, లోపల ఉన్నదాన్నే పాడుచేసే పని చేస్తున్నాం.

ఆమె వచ్చేలోగా ఊరుకోలేక మండల కేంద్రంలో ఒక షాపుకు ఫోన్ చేశాం. అక్కడి కుర్రాడు పెట్టె చూడకుండానే మందు చెప్పాడు. "ఏం లేదు సార్, తీసుకురండి. ఫార్మాట్ కొట్టేస్తే కొత్తదానిలా పనిచేస్తది." మన ప్రాంతంలో కంప్యూటర్ జబ్బులన్నిటికీ ఒకే ఇంజెక్షన్ ఫార్మాట్. నెమ్మదిగా ఉంటే ఫార్మాట్, వైరస్ వస్తే ఫార్మాట్, లేవకపోతే ఫార్మాట్. ఫార్మాట్ అంటే ఇంట్లో గోడకు పగులు వచ్చిందని సామానంతా వీధిలో పారేసి ఇల్లు కడగడం. పగులు అక్కడే ఉంటుంది. ఆ అబ్బాయి మీద మాకు కోపం లేదు, అతనికి నేర్పింది అదే. కాని మా అభిప్రాయం గట్టిగానే చెప్తాం: మీ వస్తువులు ఇంకోచోట ఉన్నాయని మీ కళ్ళతో చూసుకునేదాకా ఎవరినీ ఫార్మాట్ అనే మాట ఎత్తనివ్వకండి.

అమ్మాయి వచ్చాక మొదట చేసిన పని పెట్టెను బాగుచేయడం కాదు. నాలుగు స్క్రూలు విప్పి రెండు డిస్కులూ బయటికి తీసింది. యూఎస్‌బీతో తన ల్యాప్‌టాప్‌కు తగిలించే చిన్న డాక్ తెచ్చుకుంది. పెద్ద డిస్కులకు 12 వోల్టులు కావాలి, ల్యాప్‌టాప్ ఇవ్వలేదు, అందుకని ఆ డాక్‌కు వేరే అడాప్టర్ ఉంటుంది. రిజిస్టర్లూ పాటలూ ఉన్న మొదటి డిస్క్ తగిలించగానే, మెత్తగా, ఒక్కసారికే లేచింది. ఆ శబ్దం విని మా ఆవిడ వంటగదిలోంచి బయటికి వచ్చి నిలబడింది.

ప్రతి హార్డ్ డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే ఒక లెక్క రాసుకుంటుందని మాకు ఆ రోజే తెలిసింది. దాన్ని స్మార్ట్ అంటారు. ఎన్ని గంటలు తిరిగింది, ఎన్నిసార్లు లేచింది, అన్నీ ఉంటాయి. అందులో 5వ నంబరు, చెడిపోయిందని పక్కనపెట్టి బదులు వేరే చోటు వాడుకున్న సెక్టార్లు. 197వ నంబరు, చదవలేక అనుమానంలో ఉంచినవి. 10వ నంబరు, ఒక్కసారికి తిరగలేక మళ్ళీ ప్రయత్నించిన లెక్క. 199వది డిస్క్‌ది కాదు, మధ్యలో ఉన్న కేబుల్‌ది. మన డిస్క్‌కు 197లో పదహారు ఉన్నాయి. 10లో కూడా సున్నా లేదు. అంటే సంవత్సరం నుంచీ అది చెప్తూనే ఉంది. అడిగినవాళ్ళు లేరు.

పదహారు చిన్న సంఖ్యే, కాని మామూలుగా ఫోల్డర్ పట్టుకుని కాపీ కొడితే చెడిన చోట ఆగిపోయి డిస్క్ దాన్నే గీకుతూ కూర్చుంటుంది. ఆమె డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడింది. దాని పద్ధతి మాకు నచ్చింది. ముందు తేలికగా చదవగలిగినదంతా చదివి భద్రం చేస్తుంది. మొండికేసిన చోటు దాటి ముందుకు పోతుంది. అంతా అయ్యాక వెనక్కి వచ్చి ఆ చెడిన చోట్ల దగ్గర ఓపికగా మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక పటం రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆగినా మొదటికి రాదు. మా ఇంట్లో ఆ రోజూ మర్నాడూ రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ ఆగినచోటినుంచే మొదలైంది. అవ్వ పాటలు ఎక్కడున్నాయో చూసి ముందు అవే లాగుదామని మేము తొందరపెట్టాం. "వద్దండి, డిస్క్ అంతా ఒక్కసారే నడవనివ్వండి, వెతుకులాట దానికి ఇంకా కష్టం" అంది. ఒప్పుకున్నాం, మనసు ఒప్పుకోకపోయినా.

శుక్రవారం సాయంత్రం కూడిక జరిగింది. పాటలు లేకుండానే జరిగింది. కువైట్‌లో ఉన్న బిడ్డకు "ఇంకా రాలేదమ్మా" అని మెసేజ్ పెట్టడం మాకు ఈ సేవలో అంత తేలికైన పనిగా అనిపించలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక యిర్మీయా గ్రంథం 36వ అధ్యాయం తీశాం. మీకు తెలిసిన సంగతే. యిర్మీయా చెప్తుంటే బారూకు గ్రంథపు చుట్టలో రాశాడు. అది చదివి వినిపిస్తుంటే యెహోయాకీము రాజు చాకుతో కోసి ముక్క ముక్కగా కుంపట్లో వేశాడు. చుట్ట అంతా కాలిపోయింది. తర్వాత యిర్మీయా ఇంకో చుట్ట తీసుకున్నాడు, బారూకు మళ్ళీ మొత్తం రాశాడు, అదనంగా ఇంకా మాటలు చేరాయి. ఈ అధ్యాయం మీద మేము కనీసం నాలుగుసార్లు ప్రసంగించి ఉంటాం, వాక్యాన్ని ఎవరూ కాల్చలేరని. ఆ రాత్రి మాత్రం వేరే సంగతి కంటబడింది. రెండో చుట్ట రాయగలిగింది చెప్పిన మనిషి ఇంకా బ్రతికి ఉన్నాడు కాబట్టి. అవ్వ లేదు. ఆ పాటలు తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు. మా బారూకు అరుగు మీద ఒక్క చుట్ట రాసి, దాన్ని కుంపటి పక్కనే పెట్టుకుని ఆరేడు సంవత్సరాలు నిశ్చింతగా నిద్రపోయాడు.

శనివారం తెల్లవారుజామున కాపీ పూర్తయింది. మొత్తం డిస్క్‌లో చదవలేకపోయింది కొన్ని కిలోబైట్లు. అవి పడింది మా ప్రసంగాలు రెండింటిలో. ఒక్కో చోట రెప్పపాటు గొంతు తెగుతుంది, అంతే. రెండూ గంటన్నర ప్రసంగాలు. ఇంకాస్త తెగినా ఎవరూ ఫిర్యాదు చేయరని మా ఆవిడ అభిప్రాయం. పదకొండు పాటలూ క్షేమంగా ఉన్నాయి, మేకతో సహా.

రెండో డిస్క్ మాత్రం లేవలేదు. ఆ టక్ టక్ శబ్దం దానిదే. దాంట్లో 2017 నుంచి 2019 వరకు మన పిల్లలు వేసిన క్రిస్మస్ నాటకాల వీడియోలు ఉండేవి. నగరాల్లో డిస్క్ విప్పి తీసే సంస్థలు ఉన్నాయి కాని ఖర్చు మన సంఘం భరించేది కాదు, పైగా వస్తుందన్న హామీ లేదు. అవి పోయినట్టే. ఆ నాటకాల్లో గొర్రెల కాపరులుగా వేసినవాళ్ళు ఇప్పుడు ఇంజినీరింగు చదువుతున్నారు. మీ పాత ఫోన్లలో ముక్కలేమైనా మిగిలి ఉంటే దయచేసి పంపండి.

ఇక పెట్టె సంగతి. వస్తువులు చేతికి వచ్చాకే దాని మీద చెయ్యి వేశాం. దేనివల్ల లేవడం లేదు అని అడిగితే ఒక్క జవాబు రాలేదు. మూడు వచ్చాయి. ముసలివాళ్ళకు బీపీ, షుగర్, మోకాళ్ళు కలిసి వచ్చినట్టు, ఒకటి ఇంకోదాన్ని కప్పేసింది.

మొదటిది ఎస్‌ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇచ్చే డబ్బా. మన టీవీ మెకానిక్ మల్టీమీటర్ పెట్టి చూశాడు. పసుపు తీగలో 12 వోల్టులు ఉండాలి, 11.4 కంటే దిగకూడదు. పెట్టె లేచే క్షణంలో 11.1కి పడిపోతోంది. అందులో ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో ఒక ద్రవం ఉంటుంది, ఏళ్ళ తరబడి వేడికి అది ఎండిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని మెకానిక్‌ల లెక్క. మా రేకుల వరండాను ఆనుకున్న గదిలో మే నెల ఎలా ఉంటుందో మీకు తెలుసు. మిగిలిన ద్రవం చలికి ఇంకా మందగిస్తుంది. అందుకే పొద్దున మొదటి నొక్కుకు వోల్టేజీ నిలబడదు. అంతా సరిగ్గా ఉందన్న సంకేతం రాకపోతే మదర్‌బోర్డ్ కదలదు. మూడు నాలుగు ప్రయత్నాలకు కెపాసిటర్లు కొంచెం వేడెక్కి అప్పటికి పని కానిస్తాయి. మే ఎండలో తగిలిన దెబ్బ జనవరి చలిలో బయటపడింది. నాలుగోసారి లేవడం యంత్రపు మొండితనం అని మేమనుకున్నది, నిజానికి పోతున్న డబ్బా చేస్తున్న ఆఖరి ప్రయత్నం. కొత్తది వేశాం. ఒక హెచ్చరిక: ఆ డబ్బాను మీరు విప్పకండి. ప్లగ్ పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

రెండోది మదర్‌బోర్డ్ మీద ఉండే బిళ్ళ బ్యాటరీ. రూపాయి బిళ్ళంత ఉంటుంది, సీఆర్ 2032 అని రాసి ఉంటుంది, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు తేదీనీ, ఏ డిస్క్‌నుంచి లేవాలన్న సంగతినీ గుర్తుపెట్టుకునేది అదే. మనది పూర్తిగా అయిపోయింది. అందుకే మానిటర్ తగిలించి చూస్తే తేదీ 2011 జనవరి 1 అని చూపించి, ఎఫ్1 నొక్కమని అడుగుతూ నిలబడింది. కీబోర్డ్ లేని పెట్టె ఎవరు నొక్కుతారా అని ఎదురుచూస్తూ ఉండేదన్నమాట. కిరాణా కొట్లో దొరికే నలభై రూపాయల వస్తువు.

మూడోది యంత్రపు జబ్బు కాదు, మాది. మొదట పెట్టె అమర్చినప్పుడు, లేచేటప్పుడు ఏయే డిస్కులు కావాలో రాసుకునే ఎఫ్ఎస్‌టాబ్ అనే ఫైలులో ఆ నాటకాల డిస్క్‌ను కూడా తప్పనిసరి అన్నట్టు రాశాం. దాంతో అది కనబడకపోతే పెట్టె నిమిషంన్నర ఎదురుచూసి, రాలేదని, ఇంక నేను లేవను అని ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్ళిపోయేది. అత్యవసరమైనవన్నీ మొదటి డిస్క్‌లో బాగానే ఉన్నాయి. అవసరం లేనిది రాలేదని అవసరమైనదాన్ని ఆపుకుని కూర్చుంది, మేము అలా రాశాం కనుక. ఆ వరుసలో నోఫెయిల్ అనే ఒక్క మాట చేర్చితే చాలు, ఆ డిస్క్ ఉన్నా లేకపోయినా పెట్టె లేస్తుంది.

మిగతావి చిన్నవి. ర్యామ్ తీసి ఎరేజర్‌తో రుద్ది పెట్టాం, కేబుల్ మార్చాం, దుమ్ము ఊదాం. ఎండిపోయిన బల్లి ఒకటి దొరికింది, దానికి ఈ కథలో పాత్ర ఏమీ లేదని తేలింది.

ఇప్పుడు పెట్టె ఒక్క నొక్కుకు లేస్తోంది. ఇక్కడినుంచే మా అసలు మాట మొదలవుతుంది. ఎందుకంటే అది లేచిందని తెలియగానే సంఘ పెద్దల్లో ఇద్దరు "స్తోత్రం అయ్యగారూ, సమస్య తీరిపోయింది" అన్నారు. మేము ఒప్పుకోవడం లేదు. లేచిన పెట్టెకూ ఆరోగ్యంగా ఉన్న పెట్టెకూ తేడా మాకు ఒక సంవత్సరం పాటు తెలియలేదు. మళ్ళీ అదే పొరపాటు చేయలేం.

కువైట్, హైదరాబాదు, బెంగళూరులో ఉన్న మన పిల్లలు ఇంకో మాట అంటున్నారు. ఆ పాత ఇనుము పారేయండి, అన్నీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టేయండి అని. వారి ప్రేమకు కృతజ్ఞులం. అయితే లెక్క చూడండి. మన దగ్గర ఉన్నది దాదాపు 300 జీబీ. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15. ఊళ్ళో ఫోన్ సిగ్నల్ మీద సెకనుకు 2 మెగాబిట్లు ఎక్కితే గొప్ప, ఆ లెక్కన 300 జీబీ ఎక్కించడానికి రాత్రీ పగలూ ఆగకుండా రెండు వారాలు కావాలి. నెలనెలా డబ్బు కట్టే పథకం తీసుకుంటే కట్టడం ఆపిన రోజు సంగతేమిటి? రెండు సంవత్సరాలు ఎవరూ తెరవని ఖాతాను తొలగించే నియమాన్ని గూగుల్ 2023లో తెచ్చింది. అసలు ఖాతా ఎవరి పేరున ఉంటుంది? మా పేరునా? మాకు రేపు బదిలీ వస్తే? క్లౌడ్ చెడ్డదని మేమనడం లేదు. అది ఒక కాపీ. ఒక్క కాపీ, ఎంత గొప్ప చోట ఉన్నా, ఒక్క కాపీయే. పెట్టెను నమ్మి చేసిన పొరపాటునే గూగుల్‌ను నమ్మి చేస్తాం.

మరికొందరు కానుకలు ఎత్తి కొత్త సర్వర్ కొందామన్నారు. నలభై, యాభై వేలు. దీనికీ మేము వద్దనే అంటున్నాం. కొత్త పెట్టెకు పన్నెండేళ్ళు నిండడానికి పన్నెండేళ్ళే పడుతుంది, కాని దాంట్లో డిస్క్ పోవడానికి ఒక్క పిడుగు చాలు. ఆ డబ్బులో పావు వంతుతో రెండు కొత్త డిస్కులు వస్తాయి. ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఒక లెక్క ఉంది, 3-2-1 అని: మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, వాటిలో ఒకటి వేరే చోట. మన సంఘానికి దాన్ని ఇలా సర్దుకుందామని మా ప్రతిపాదన. పాత పెట్టె, కొత్త డిస్క్‌తో, రోజువారీ వాడకానికి ఉంటుంది. రెండో డిస్క్ ఒంగోలులో ఉంటున్న మన సంఘ కుటుంబం ఇంట్లో బీరువాలో ఉంటుంది, మూడు నెలలకోసారి తెచ్చి కొత్తవి చేర్చి మళ్ళీ పంపిస్తాం. రిజిస్టరు పేజీలు, అవ్వ పాటలు కలిపితే 10 జీబీ దాటవు, అవి మాత్రం క్లౌడ్‌లో, సంఘం పేరున తెరిచిన ఖాతాలో ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లు మాత్రం వద్దు. అవి మోసుకెళ్ళడానికి తప్ప దాచిపెట్టడానికి పనికిరావు. డిస్క్ తెచ్చిన ప్రతిసారీ ఓ పది ఫైళ్ళు తెరిచి, విని చూడాలి. తెరిచి చూడని కాపీ ఉన్నట్టా లేనట్టా ఎవరికీ తెలియదు.

ఇంకొకటి ఉంది, చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఆ పెట్టె పాస్‌వర్డ్ మాకు తప్ప ఎవరికీ తెలియదు. మా ఆవిడకు కూడా తెలియదు. నిరుడు మేము జ్వరంతో పది రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒకాయనకు కొడుకు బాప్తిస్మ రిజిస్టరు పేజీ కావాల్సి వచ్చింది. ఎవరూ తీసి ఇవ్వలేకపోయారు, ఆయన రెండుసార్లు వచ్చి తిరిగి వెళ్ళాడు. మేము తిరిగి వచ్చాక "మీరు లేకపోతే జరగదు అయ్యగారూ" అని ఆయన అంటే, నిజం చెప్తున్నాం, లోపల సంతోషించాం. సంఘం వస్తువు మా ఇంట్లో స్టూలు మీద, మా ఒక్కరి బుర్రలో ఉన్న పన్నెండు అక్షరాల వెనక ఉంది. అవి మీ రిజిస్టర్లు, మీ అవ్వ పాటలు, మీ పిల్లల నాటకాలు. ఆ నాటకాల డిస్క్ పోవడానికి వయసు ఎంత కారణమో, ఇంకెవరినీ దాని దగ్గరకు రానివ్వని మా పద్ధతీ అంతే కారణమని మేమనుకుంటున్నాం. రెండో మనిషి ఎవరైనా ఉంటే ఆ 197వ నంబరు ఎప్పుడో చూసేవారు.

పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, మందిరం బీరువాలో రిజిస్టర్ల పక్కన పెట్టాం. తాళం కార్యదర్శిగారి దగ్గర ఉంది.

పాటలు శనివారమే కువైట్‌కు పంపాం. రెండు రోజులు జవాబు రాలేదు. మూడో రోజు వాయిస్ మెసేజ్ వచ్చింది. మాట్లాడింది కొంచెమే. "అయ్యగారూ, నాలుగో పాటలో అవ్వ మంచినీళ్ళు అడుగుతుంది కదండీ, ఇచ్చింది నేనే. అప్పుడు నాకు పదిహేడేళ్ళు." కూడిక అయిపోయిందని గాని, ఆలస్యమైందని గాని ఒక్క మాట అనలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత మా అరుగు మీద ఒక గంట కూర్చుంటాం. డిగ్రీ అమ్మాయి స్మార్ట్ లెక్క ఎలా చూడాలో, కాపీ ఎలా తీయాలో చూపిస్తుంది. కనీసం ముగ్గురు నేర్చుకోవాలి, అందులో ఒకరైనా నలభై దాటినవాళ్ళు అయితే మంచిది, ఎందుకంటే పిల్లలు చదువులకు వెళ్ళిపోతారు. రెండో డిస్క్ సిద్ధంగా ఉంది, పాత తువ్వాలులో చుట్టి అట్టపెట్టెలో పెట్టాం. ఈ వారంలో ఒంగోలు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే ముందుగా ఒక ఫోన్ చేయండి. బస్సులో వెళ్తే మాత్రం ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాలి, పైన సామాన్ల అరలో పెట్టకూడదు.